హార్ట్ అంటే గట్టి

అవి ఎక్కిళ్లు కావేమో అనుకుంది ఆమె, ఆపరేషన్ థియేటర్ ఎదురుగా ఉన్న ఇనుప బల్ల మీద ఓ అంచున కూర్చుని, ఇందాక లోపలికి తీసుకెళ్లకముందు ముసలాయన మాటిమాటికీ ఇక్ ఇక్ అంటుంటే పాపం ఎక్కిళ్లొస్తున్నట్టున్నాయి అని ఆయమ్మ తడి దూదితో ఆయన పెదాలు తుడిచింది, తనూ అవుననే తలూపింది, జర్మన్‌లో నేను అనడానికి ఇష్ అంటారు, మొదటి ఏడాది మొదటి గంటలో నేర్పిన మాట అది, ఇక్ అని ఎవరూ అనరు, అనరు కదా, తలుపు మీది ఎర్ర దీపం ఇంకా వెలగలేదు, లోపల చక్రాల మంచం దేనికో తగిలిన చప్పుడు, పదకొండు కావడానికి పది నిమిషాలుంది, తొమ్మిదింటికి తను క్లాసులో ఉంది, ఏడువందల ఏళ్ల నాటి వీరగాథలో రాణి ఎందుకు నవ్విందో రాసుకుంటోంది, అప్పుడు మోగింది ఫోను, మావయ్య, ఈ ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే మావయ్య, కోడలా ఉన్నపళంగా రావే, కాగితం మిల్లులో కొత్త యంత్రం బిగించడానికొచ్చిన జర్మనీ ముసలాయన మెట్ల మీంచి పడ్డాడు, ఇంగ్లీషు ముక్క రాదట, తోడొచ్చినాయన ఏదో సామాను కోసం పై ఊరెళ్లాడు ఫోను కలవట్లేదు, సర్జన్ మేడమ్‌కి నేను చెప్పేశాలే, మా కోడలు పిల్లకి జర్మన్ అంటే మంచినీళ్లు తాగినంత సులువని.

మంచినీళ్లు, అనుకుంటే గొంతులో తడి లేదు, ఆటోలో వస్తున్నంతసేపూ దెబ్బకి ఏమంటారు, నొప్పికి ఏమంటారు, ప్లీహానికి ఏమంటారు అని ఒళ్లో నిఘంటువు తిరగేస్తూనే వచ్చింది, స్నేహితులు ఆమె పేరే మానేసి డిక్షనరీ అని పిలుస్తారు, ఆ డిక్షనరీకి తెలిసిందల్లా కవితల్లో చంద్రుడు, అడవిలో ఏకాంతం, వెన్నెల మీద నలభై పేజీల వ్యాసం, నొప్పి ఎక్కడండీ అని మాత్రం ఎవరూ నేర్పలేదు, నేర్పలేదు అనడం కూడా తప్పే, ఆమె అడగలేదు, మంచం పక్కన నిలబడి పుస్తకంలో ఉన్నట్టే మర్యాదగా నమస్కారం చెప్పగానే ముసలాయన కళ్లు వెలిగాయి, ఒక చేతికి సెలైన్ సూదీ పట్టీ, రెండో చేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు, బిగించి పట్టుకున్నాడు, ఇక వదలలేదు, తూము ఎత్తినట్టు మాటలే మాటలు, అందులో పదింట ఒకటి కూడా ఆమెకు అందలేదు, నొప్పికి నోరు తిరగడం లేదేమో, పళ్లు కట్టుడు పళ్లేమో, లేకపోతే నాకే రాదేమో, అయిదేళ్లుగా చదివింది గాలికి పోయిందేమో అనుకుంటూనే, యా యా అని తలూపింది, మావయ్య గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు, చూశారా మేడమ్ అన్నట్టుగా చూస్తున్నాడు, యా యా.

మేడమ్ చేతికి గడియారం లేదు గానీ మాట మాటకీ గడియారం టిక్కుమన్నట్టే ఉంటుంది, చూడమ్మా లోపల రక్తం కారుతోంది, గంటలో కొయ్యాలి, రక్తం పలచబడే మాత్రలేమైనా వాడుతున్నాడా, సరిగ్గా అడుగు, అన్ని మాత్రలూ మామూలు పరీక్షలో బయటపడవు అంది, ఈమె అడిగింది, వాక్యం వ్యాకరణంలో వెంట్రుక వాసి తప్పు లేదు, ముసలాయన ఆమె మొహంలోకి చూసి హార్ట్ అన్నాడు, మళ్లీ హార్ట్, దాట్ హార్ట్, చెయ్యి ఆమె మణికట్టు మీదే ఉంది, అది వదిలి చూపించి ఉంటే బాగుండేది, వదలలేదు, మేడమ్ టక్కున తలెత్తి, హార్ట్ అంటున్నాడు, గుండెనా, ఈసీజీలో కూడా కాస్త అటూ ఇటుగా ఉంది అంది, అప్పుడు ఈమె నవ్వింది, నవ్వి, కాదండీ, జర్మన్‌లో హార్ట్ అంటే గట్టి, గుండెని హెర్ట్స్ అంటారు, కడుపు గట్టిగా ఉందంటున్నాడు అని చెప్పింది, పాఠం చెప్పినట్టు చెప్పింది, మేడమ్ కడుపు నొక్కి చూస్తే నిజంగానే చెక్కలా ఉంది, అయితే మాత్రలేం లేవన్నమాట అంది మేడమ్, లేవటండీ.

లేవట, ఆయన ఎప్పుడన్నాడు లేవని, ఆ చివర ట ఎక్కడి నుంచి తెచ్చి అతికించింది, లేవనుకుంటా అనొచ్చు, అర్థం కాలేదు అనొచ్చు, ఆయన నోట్లో లేని మాటని ఒక్క అక్షరంతో ఆయన నోట్లో పెట్టేసింది, ఆ ట వినగానే మేడమ్ కాగితం మీద అడ్డగీత గీసి సంతకం పెట్టింది, మంచం చక్రాలు కదిలాయి, మణికట్టు మీది చెయ్యి జారిపోయింది, ఆయన మెడ తిప్పి ఈమెనే చూస్తూ పోయాడు, మావయ్య టీ కప్పు తెచ్చి చేతిలో పెట్టి, భలే చెప్పావే కోడలా, మేడమే కంగుతింది చూశావా, ఇంక మీ అమ్మ ఈ చదువు కూడు పెడుతుందా అని అడిగితే నన్ను చూపించు నేను చెప్తా అని భుజం తట్టి ఎక్స్‌రే గదికి వెళ్లిపోయాడు, టీ మీద మీగడ కట్టింది, తాగబుద్ధి కాలేదు, ఎందుకో రెండో ఏడాది గుర్తొచ్చింది, ఆ దేశం నుంచి వచ్చిన ఉపన్యాసకుడు ఏదో చెబుతుంటే ముందు వరస నవ్వినట్టనిపించి అందరికంటే గట్టిగా తను నవ్వింది, తీరా చూస్తే ఆయన చెబుతున్నది చెల్లెలి చావు గురించి, ముందు వరసలో వాళ్లు దగ్గారంతే, ఆ తర్వాత వారం రోజులు క్లాసుకి వెళ్లలేదు, అయినా మారలేదు, ఇంట్లో కరెంటు బిల్లు దగ్గర్నుంచి కోర్టు కాగితం దాకా దాన్నడగండి దానికి తెలుసు అంటారు, తెలీదు అంటే ఏమవుతుందో ఎప్పుడూ అని చూడలేదు.

తలుపు తెరుచుకుని ఆయమ్మ గిన్నెతో బయటికొచ్చింది, ఏంటమ్మా పాపా ఇక్కడే ఉన్నావా, పాపం ముసలాయన వాటర్ వాటర్ అని ఏడుస్తున్నాడు, మత్తిచ్చే ముందు చుక్క కూడా పొయ్యకూడదు కదా, ఇంగ్లీషు రాదన్నారు గానీ వచ్చే, చక్కగా అడుగుతున్నాడు అనుకుంటూ కొళాయి వైపు నడిచింది, వాటర్, ఆమె చేతిలో కప్పు వంకర పోయి టీ మోకాలి మీద ఒలికింది, వాటర్ కాదు వాసర్ అనాలి, జర్మనీ మనిషి దాహమేస్తే వాసర్ అంటాడు, ఇంగ్లీషు రాని మనిషి చావుభయంలో ఇంగ్లీషులో ఎందుకు అడుగుతాడు, అమ్మ నేర్పిన మాటలోనే అడుగుతాడు, ఇక్, వాటర్, ఎక్కిళ్లు కావు, నేను అంటున్నాడు, నేను, నేను అని చెప్పుకుంటున్నాడు, నల్లబల్ల కళ్ల ముందు లేచి నిలబడింది, భోజనాలయ్యాక నలుగురే పిల్లలుండే క్లాసు, తోబుట్టువుల భాషలు అనే పాఠం, హల్లుల మాస్టారు, ఎప్పుడూ హల్లుల గోలే గనక ఆ పేరు, సుద్దముక్కతో రెండు నిలువు గళ్లు గీసి, ఇదిగో కొండల వైపు వాళ్లు వెయ్యేళ్లకు చాలా ముందే నోరు మార్చుకున్నారు, సముద్రం వైపు వాళ్లు మాకెందుకులే అని ఊరుకున్నారు, అటునుంచి పడవెక్కి పోయినవాళ్ల మాటే తర్వాత ఇంగ్లీషయింది, మనం బడిలో నేర్చే జర్మన్ కొండల వైపుది, మీరు నవ్వకండర్రా, పొరుగు కన్నడంలో కివి మన నోట్లో చెవి అయింది, అంతమాత్రాన వినపడటం మానేసిందా, ఎడమ గడి సముద్రం వాళ్లది, కుడి గడి కొండల వాళ్లది, ఎడమ గడిలో ఇక్ కుడి గడిలో ఇష్, ఎడమన వాటర్ కుడిన వాసర్, చెయ్యడానికి ఎడమన మాకెన్ కుడిన మాహెన్, నిద్రతో తూగుతూ రాసుకుంది, పరీక్షలో గడి తప్పకుండా దింపి పూర్తి మార్కులు తెచ్చుకుంది, ఆఖరి వరస, ఆఖరి వరసలో ఎడమన ఏముంది, ఉంది, హార్ట్ ఉంది, కుడిన హెర్ట్స్.

గుండె, ఆయన గుండె అన్నాడు, మూడుసార్లు అన్నాడు, ఒక్క జర్మన్ ముక్క రాని మేడమ్‌కి అర్థమైంది, నిఘంటువుకి అర్థం కాలేదు, అర్థమైనావిడని కూడా ఈమే ఆపింది, నవ్వి మరీ ఆపింది, లేవాలి, లే, ఒకవేళ మాత్రల గురించి కాదేమో, గుండె దడగా ఉంది అన్నాడేమో అంతే, నాకు పూర్తిగా తెలీకుండా వెళ్లి గోల చేస్తే, మావయ్య మొహం ఎక్కడ పెట్టుకుంటాడు, ఇరవయ్యేళ్లుగా ఈ గోడల మధ్య తలెత్తుకు తిరిగే మనిషి, నోరు మూసుకుని కూర్చుంటే ఎవరికీ తెలియదు, పెద్దవాడు, దెబ్బ పెద్దది, పోయాడంటే పోయాడంటారు, ఎవరూ తనని అడగరు, ఆ మాట మనసులో పూర్తవగానే తనని చూసి తనకే ఒళ్లు జలదరించింది, మణికట్టు మీద ఆయన వేళ్ల అచ్చు ఇంకా ఎర్రగా ఉంది, పైన దీపం ఎర్రగా వెలిగింది, ఎప్పుడు లేచిందో తెలియదు, రెండు చేతులతో తలుపు బాదుతోంది.

ఓసి నీ తొందర తగలెయ్య, చెప్పులతో ఎక్కడికి, అని వెనకనుంచి ఆయమ్మ జబ్బ పట్టుకుని లాగింది, తలుపు జానెడు తెరుచుకుని మేడమ్ కళ్లు మాత్రం కనిపించాయి, మూతికి గుడ్డ, మోచేతుల దాకా తడిసిన చేతులు గాలిలో పైకెత్తి, ఏమిటి అంది, తప్పు చెప్పానండీ అంది ఈమె, హార్ట్ అంటే గుండేనండీ, మీరన్నదే నిజం, ఆయనది నేను చదివిన జర్మన్ కాదు, సముద్రం వైపు యాస, మాత్రలు లేవని ఆయన అనలేదు, నాకు అర్థం కాక నేనే అనేశాను, తిడుతుందనుకుంది, కొడుతుందనుకుంది, కొడితే బాగుండుననుకుంది, మేడమ్ లోపలికి తిరిగి, మత్తు ఆపండి, ఇంకా ఇవ్వలేదుగా, అని, ఈమెతో, చెప్పులు విప్పి రా, ఆయమ్మా ఆ పిల్లకి గౌను తొడుగు, మళ్లీ అడుగు, ఈసారి తెలిసింది తెలిసిందని చెప్పు, తెలీంది తెలీదని చెప్పు.

గది ఇంత చల్లగా ఉంటుందని తెలియదు, పెద్ద దీపం కింద ముసలాయన చిన్నపిల్లాడంత అయిపోయి ఉన్నాడు, ఆమె వంగి, బడి జర్మన్ పక్కన పెట్టి, ఎడమ గడిలోవి ఒక్కొక్కటే ఏరుకుంటూ, తప్పో ఒప్పో, పిల్లెన్ ఫోర్ దాట్ హార్ట్ అంది, గుండెకి మాత్రలా, ఆయన కళ్లలో నీళ్లు చెవుల వైపు కారాయి, యో అన్నాడు, అవునని, యో యో, మళ్లీ ఆమె మణికట్టు పట్టుకుని ఏదో గబగబా చెప్పాడు, బ్లూట్ అన్నది తెలిసింది, రక్తం, ప్రతి పొద్దునా ఒకటి అన్నది తెలిసింది, చెప్పింది, మేడమ్ పక్క మనిషితో ఏదో సూదిమందు, ఏదో రక్తం సంచులు తెమ్మని పురమాయిస్తూనే, మాత్ర పేరు కావాలి, పేరు తెలిస్తేనే దానికి సరైన విరుగుడు వెయ్యగలను, ఈ స్థితిలో కోసి ఉంటే రక్తం నా చేతుల్లో ఆగేది కాదు, అడుగు, అడిగింది, ఇన్ మీన్ క్నిప్ అన్నాడు ముసలాయన, నాలో, నా దాంట్లో, అంతవరకు సరే, క్నిప్ అంటే, మెదడులో ఉన్న అరలన్నీ వెతికింది, ఎడమ గడిలో లేదు, కుడి గడిలో లేదు, పెట్టె అయ్యుంటుంది, సంచి అయ్యుంటుంది, గది పేరేమో, నాలుక చివరి దాకా వచ్చింది పెట్టెలో ఉన్నాయటండీ అని, పళ్లతో ఆపింది, క్నిప్ అంటున్నాడండీ, అది నాకు తెలీదు.

ఏమీ కూలలేదు, మేడమ్ విసుక్కోలేదు, సరే ఆయన్నే చూపించమను అంది, ఈమె తన మణికట్టు మీంచి ఆయన వేళ్లు మెల్లగా విడదీసి, రెండు చేతులూ గాలిలో తిప్పి ఏమిటది అన్నట్టు అడిగింది, ముసలాయన బొటనవేలూ చూపుడువేలూ కలిపి, విడదీసి, మళ్లీ టక్కున కలిపాడు, టక్కు టక్కు, ఈమెకి తెలియలేదు, మేడమ్‌కీ తెలియలేదు, మూలనున్న ఆయమ్మ, ఓరి దేవుడా, నొక్కుడు పర్సు కదూ, మా అమ్మ దగ్గరుండేది అలాంటిది, టక్కుమనేది, అంటూ బట్టల మూట వైపు పరుగెత్తింది, తోలు పర్సు, నోటికి ఇత్తడి కొక్కెం, నోట్ల వెనక మడతపెట్టిన మాత్రల అట్ట, సగం ఖాళీ, మేడమ్ దాన్ని దీపం కింద పెట్టి పేరు చదివి ఊపిరి వదిలింది, ముందు విరుగుడు, తర్వాత కత్తి, అరగంట ఆగుదాం, నువ్వు ఆయనకి మత్తు ఎక్కేదాకా ఇక్కడే ఉండు అంది, ఉంది, చెయ్యి ఇచ్చింది, ఆయన ఏదో చెప్పుకుంటూ పోయాడు, కొన్ని తెలిశాయి, చాలా తెలియలేదు, తెలియనివాటికి తలూపలేదు, నిక్స్ అంది, అర్థం కాలేదంది, అన్న ప్రతిసారీ ఆయన కోప్పడకుండా ఇంకోలా చెప్పాడు, ఇంకా నిదానంగా చెప్పాడు, చెబుతూ చెబుతూనే కనురెప్పలు వాలాయి.

రెండున్నరకి మేడమ్ బయటికొచ్చి, గండం గడిచింది, రేపటికి గానీ గట్టిగా చెప్పలేను అని, నువ్వు చేసింది తప్పే, పెద్ద తప్పు, రేపు పొద్దున మళ్లీ రా అని ఒకే ఊపిరిలో అని వెళ్లిపోయింది, మావయ్య గోడకానుకుని నేల చూస్తున్నాడు, అంతా ఆయన చెవిన పడింది, నాదీ తప్పుందిలే కోడలా, మంచినీళ్లు అదీ ఇదీ అని నేనే కదా వాగింది అన్నాడు, ఇద్దరూ మెట్లు దిగసాగారు, రేపు ఆయన కళ్లు తెరిచి ఏమంటాడో, అందులో ఎంత అర్థమవుతుందో, భయం పోలేదు, పోతుందని కూడా అనిపించలేదు, కానీ చిన్నప్పట్నుంచీ ఏ మాట నోట్లోంచి జారితే కాళ్లకింద నేల చీలిపోతుందని దాచుకుంటూ వచ్చిందో, ఆ తెలీదు అన్న మాటే ఈ పూట తను సరిగ్గా పలికిన మొట్టమొదటి మాటని, తను తెలుసు అన్నంతసేపూ ఆ గదిలో మిగతావాళ్లకి తెలిసింది కూడా పనికి రాకుండా పోయిందని, మెట్ల మలుపు దగ్గర రెయిలింగ్ పట్టుకుని ఆగినప్పుడు ఆమెకు అర్థమైంది.