సుంకప్ప మేస్త్రి మడమ

సుంకప్ప మేస్త్రి పోయి ఏడాది తిరిగింది. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి, ఊరంతా గుడారాలు, ఆఫీసర్లు. మేస్త్రి దగ్గర పని నేర్చిన ఎనిమిది మందిమి తలా ఒక బొమ్మ చేసి తెచ్చి, ఒక బడి హాల్లో ఆయన పేరిట వరుసగా పెట్టాలనుకున్నాం.

ఆయనది ఒక్క విద్యా! నాటకాలకు తెరలు రాసేవాడు, హార్మోనియం వాయించేవాడు, పదాలు కట్టేవాడు, గోపురాల మీద గచ్చుబొమ్మలు నిలిపేవాడు. నందికొట్కూరు పక్కన మా పల్లెకు గోపురం పనికి వచ్చినప్పుడు నేను సున్నం మోసే కూలిని. మధ్యాహ్నం గంజి తాగి ఊరికే మట్టి పిసుకుతుంటే చూసి, “ఏం పాపా, నీ వేళ్లలో ఎద్దు ఉండాదే!” అన్నాడు. అంతే, మూడు నెలలు కూర్చోబెట్టి నేర్పాడు.

అందుకే నేను నల్లమట్టితో ఎద్దునే చేశాను. మట్టెద్దుల అమావాస్య పూజకు చేసుకునేట్టు కాల్చకుండా, నీడలో ఆరబెట్టింది. మా ఆయన ఈరన్న దాన్ని గడ్డి పరిచిన తట్టలో పెట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని, పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చాడు.

హాల్లో పెత్తనమంతా గాబ్రియేలుది. కడప జిల్లా చర్చీలకు రాతిలో మేరీమాతలను చెక్కేవాడు, మా అందరికంటే ముందు శిష్యుడు. ఎద్దు చుట్టూ తిరిగి వెనకకాలి దగ్గర ఆగాడు.

“ఏమ్మా భీమమ్మా, నీ ఎద్దు కుంటుతాండాది గదా! కుడి వెనకకాలు నేలకే ఆనలేదు.”

“అమ్మేదానికి తెచ్చినామా అన్నా? పండ్లు గూడా చూస్తావా ఏం?” అన్నాడు మా ఆయన.

“నవ్వులాట గాదప్పా. ఆఫీసర్లు వస్తాండారు. మేస్త్రి పేరు పోతాది. సరిజేస్తే పెడదాం, ల్యాకుంటే తట్టలోనే ఉంచుకోండి.”

ఆరిన మట్టికి తడిమట్టి అతకదు. కాలు విరిచి, మొదలంతా నానబెట్టి మళ్లీ చేయాలి, విరిచేటప్పుడు ఒళ్లంతా పగిలినా పగలొచ్చు. ఆ ఎద్దు తప్ప మేస్త్రికి ఇచ్చుకునేందుకు నా దగ్గర ఇంకేముంది? అయినా నీళ్లు తెప్పించుకుని, బొమ్మల వరుస వెనక నేల మీద కూలబడ్డాను.

తల ఎత్తేసరికి ఎదురుగా గాబ్రియేలు మేరీమాత పాదాలు. రాతి కుచ్చెళ్ల కింద కుడి మడమ నేలను తాకడం లేదు. వేలు దూర్చి చూశాను, దూరింది. పక్కన ఒంటిమిట్ట వడ్రంగి చెక్కిన కొయ్య రాముడు, కుడి మడమ లేచి ఉంది. ఆ పక్కన నూలు పట్టుకుని నిలబడిన గచ్చు ఆడమనిషి, అదీ అంతే. మోకాళ్ల మీద పాకుతూ పోయాను. ఏడు బొమ్మలు, ఏడు మడమలు.

మేస్త్రి వయసులో గోపురానికి కట్టిన సారువ కర్రల మీది నుంచి పడి కుడికాలు పొట్టి అయిన మనిషి. మడమ ఆనదు, మునివేళ్ల మీదే నిలబడేవాడు. బొమ్మ ఎలా నిలబడాలో నోటితో చెప్పేవాడు కాదు, తానే నిలబడి చూపేవాడు. ఎద్దును చూపడానికి నడివీధిలో చేతులూ కాళ్లూ ఆనించి నిలబడ్డాడు గదా ఆ మహానుభావుడు! తలా ఒక ఊళ్లో పనిచేసుకునే మేమంతా, మాకు తెలియకుండానే, ఆయన నిలబడినట్టే నిలబెట్టేశాం.

“గాబ్రియేలన్నా, ఇట్లా వచ్చి కూసో.”

“తెల్లపంచె మాసిపోతాదమ్మా...”

“కూసోన్నా!”

కూర్చున్నాడు. తన మాత మడమ చూశాడు. రాముడిది చూశాడు. వరుస చివరిదాకా పాకి వచ్చాడు.

“ఇరవై ఏండ్లాయ నేను మాతలను చేయబట్టి,” అన్నాడు చివరికి. “ముప్పై చర్చీల్లో ఉండారు. అన్నిట్లోనూ ఆయప్పే నిలబడుకోని ఉండాడా భీమమ్మా?”

నా ఎద్దును తన చేతులతోనే ఎత్తి వరుస చివర పెట్టాడు. వాకిట్లో నిలబడి వచ్చినవాళ్లందరికీ ఒకటే మాట, “కూసోని చూడండప్పా, కూసోని!” ప్యాంట్లు వేసుకున్న ఆఫీసర్లు కూడా నేల మీద కూర్చుని, మెడలు వంచి మడమలు చూశారు.

సాయంత్రం మేస్త్రి భార్య లక్ష్మీదేవమ్మ వచ్చింది. ఎవరూ చెప్పకముందే కూర్చుంది. రాతి మడమను అరచేతిలోకి తీసుకుని, ఆయనకు ఆముదం రాసినట్టే బొటనవేలితో ఒత్తసాగింది.

“ఇంతమంది కాళ్లతో నిలబడుకుంటే నొప్పి పుట్టదా ఏమయ్యా నీకు?” అని కసిరింది.

ఒకటి ఒత్తి, జరిగి, పక్కదాన్ని అందుకుంది. అలా జరుగుతూ జరుగుతూ నా ఎద్దు దాకా వచ్చింది. కాల్చని మట్టి కాలు, ఒత్తితే విరుగుతుందని గాబ్రియేలు చేయి చాచాడు.

“ఒత్తనీ అన్నా,” అన్నాను.