చీరకెక్కిన నా తప్పు

నేను ఒక సెల్‌ఫోన్‌ను. మరీ గొప్పదాన్నేం కాదు. దుకాణంలో నాకంటే పై అరలో ఉన్నవి నన్ను చూసి మూతి తిప్పుకునేవి. అయినా నాకు నా కన్ను మీద బోలెడంత గర్వం. వీపు మీద గోరంత గాజు బిళ్ళ, దాని వెనక లక్షల కొద్దీ చుక్కలు బారులు తీరి ఉంటాయి. ఎదుట ఉన్నది ఉన్నట్టు పట్టుకోవడంలో నన్ను మించింది లేదనుకునేదాన్ని. ఆ భ్రమ తొందరగానే వదిలింది.

నన్ను మొదట కొన్నది తేజస్ అని హైదరాబాదులో ఇంజనీరింగ్ చదివే కుర్రాడు. అతని పంచప్రాణాలూ ఒక కంప్యూటర్ మీదే. దాని పెట్టెకు ఒక పక్క అద్దం, లోపల గిర్రున తిరిగే ఫ్యాన్లకు ఎరుపు, నీలం, ఆకుపచ్చ దీపాలు. వినాయక చవితి పందిరి కూడా దాని ముందు వెలవెలబోతుంది. పొద్దున లేస్తే దాన్ని ఫోటో తీసి స్నేహితులకు పంపాలి. ఆరు నెలల్లో నాలో చేరిన కంప్యూటర్ ఫోటోలు నాలుగు వందలు. వాళ్ళమ్మ ఫోటో ఒక్కటే, అది కూడా ఆవిడ దాన్ని తుడుస్తూ అడ్డం వచ్చింది కాబట్టి.

అక్కడే నా లోపం బయటపడింది. ఆ దీపాలు నాకు తెల్లటి మచ్చల్లా కనిపించేవి. తెర సంగతి మరీ ఘోరం. దాని మీద లేని అలలు నా ఫోటోలో వచ్చేవి. తెరలోనూ చుక్కల వరసలే, నా కంటిలోనూ చుక్కల వరసలే. ఒకదానికొకటి సరిగ్గా కుదరక, రెండు దోమతెరలు ఒకదాని మీద ఒకటి వేసినట్టు మధ్యలో వంకీలు పుట్టుకొస్తాయి. తేజస్‌కు ఇంత ఓపిక ఎక్కడిది? "దండగ కెమెరా!" అని తిట్టి, నన్ను ఇచ్చేసి వేరేది తెచ్చుకున్నాడు. మనుషులకు వంక దొరకాలే గానీ వదిలించుకోవడం ఎంతసేపు!

అలా చేతులు మారి చౌటుప్పల్‌లో పాత ఫోన్ల దుకాణానికి చేరాను. అక్కడి నుంచి దగ్గరి ఊరి నేతగాడు పాండురంగం నన్ను కొని, భార్య ఆండాళు చేతిలో పెట్టాడు.

ఆండాళు చేతులు చూస్తే మీకు జాలేస్తుంది. వేళ్ళ సందుల్లో నీలం, ఎరుపు ఎప్పటికీ వదలవు. పట్టుదారాలను సాగదీసి కట్టి, బొమ్మ రావాల్సిన చోటల్లా సైకిల్ ట్యూబు పట్టీలతో బిగించి రంగులో ముంచుతుంది. కట్టిన చోట రంగు పట్టదు. విప్పితే అక్కడ తెల్లగా బొమ్మ తేలుతుంది. ఆ దారాలతో పాండురంగం చీర నేస్తాడు. బొమ్మ ఎలా ఉండాలో ఊళ్ళో చీరల వ్యాపారి కాగితం మీద గళ్ళు గీయించి పంపుతాడు. ఆయన్ను అందరూ సేఠు అంటారు. కాగితంలో ఉన్నది ఉన్నట్టు కట్టడమే ఆండాళు పని. ఇదెందుకు, అదెందుకు అని అడిగే అలవాటు ఆ వాడలో ఎవరికీ లేదు. ఇరవై ఏళ్ళుగా ఆమె అడగలేదు.

అలాంటి ఆండాళు ఒకరోజు సొంతంగా పని ఒప్పుకుని వచ్చింది. ఊరి హైస్కూల్లో లెక్కలు చెప్పే సరోజన టీచర్ రెండున్నర నెలల్లో రిటైరవుతున్నారు. ఆరోజు కట్టుకోవడానికి ఒక చీర కావాలట. ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగానికి గుర్తుగా ముప్పై ఒక్క చతురస్రాలతో బొమ్మ ఆవిడే వేసుకున్నారు.

పాండురంగం మగ్గం ఆపి చూశాడు. "మనకెందుకే సొంత పని? సేఠు కింద మంచిగనే నడుస్తుంది గద."

"ఎన్నేండ్లు ఆయన చెప్పింది కట్టుదమయ్య? ఒక్కటి నా పేరు మీద చేస్తా."

"సరే, ఈ ఒక్కటి చెయ్. తప్పిందనుకో, మళ్ల సొంత పని ముచ్చట ఎత్తొద్దు."

"ఎత్తను," అంది ఆండాళు. ఆ ఒక్క చీర మీద ఆమె ఎంత ఆశ పెట్టుకుందో ఆ గొంతులో నాకు తెలిసింది.

మర్నాడు నన్ను తీసుకుని బడికి వెళ్ళింది. కంప్యూటర్ గదిలో తెర మీద మెరూన్ రంగు గళ్ళ మధ్య తెల్లటి చతురస్రాలు ముచ్చటగా ఉన్నాయి. ప్రింటర్లో ఇంకు ఎండిపోయింది, నెట్టు లేదు. "ఫోటో తీసుకో ఆండాళూ, ఉండు, వెలుతురు పెంచుతా, స్పష్టంగా వస్తుంది," అని టీచర్ తెరను ధగధగా వెలిగించారు. వద్దు తల్లీ అని చెప్పే నోరు నాకేది? ఆండాళు నన్ను రెండు చేతులా పట్టుకుని నొక్కింది. చతురస్రాలు వచ్చాయి. వాటి మీదుగా, ఒక మూల నుంచి ఇంకో మూలకు, లేత గులాబీ అలలు కూడా వచ్చాయి.

ఇంటికి వెళ్ళాక ఆండాళు ఫోటోను పెద్దది చేసి చూసి మురిసిపోయింది. "మేడం ఎంత మంచిగ గీసిందో చూడు! చెరువుల అల పోయినట్టే ఉంది."

పాండురంగానికి అనుమానం వచ్చింది. "గీ వంకరగీతలు మేడం గీసినయేనా? ఒకసారి అడుగరాదు."

"బొమ్మల ఉన్నది ఎవలన్న అడుగుతరా? ఇది చాతగాక అడుగుతుంది అనుకుంటది."

ఇరవై ఏళ్ళ అలవాటు ఆమె నోరు కట్టేసింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. వంకీ కట్టడం తేలికేం కాదు. ఒక్కో పోగుకు కట్టు ఎంత జరగాలో, ఎక్కడ వెనక్కి తిరగాలో లెక్క వేసుకోవాలి. ఆండాళు ఐదో తరగతి దాటలేదు. నన్ను ఎదురుగా ఆనించి పెట్టుకుని, వేళ్ళ కణుపులతో లెక్కపెడుతూ ఇరవై రోజులు కట్టింది. రెండుసార్లు తప్పి, విప్పి, మళ్ళీ కట్టింది. నా తప్పును అంత శ్రద్ధగా, అంత ప్రేమగా ఇంతకుముందు ఎవరూ చూడలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

రిటైర్మెంటుకు ఎనిమిది రోజుల ముందు చీర తీసుకుని దంపతులిద్దరూ బడికి వెళ్ళారు. కంప్యూటర్ గదిలోనే బల్ల మీద పరిచారు. సరోజన టీచర్ కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు.

"ఆండాళూ, ఈ అలలు ఎక్కడివి?"

"మీరు గీసినయే మేడం." ఆండాళు నన్ను తీసి ఫోటో చూపించింది.

టీచర్ కంప్యూటర్ వెలిగించి బొమ్మ తెరిచారు. తెర మీద అలలు లేవు. ఆండాళు నన్ను పైకెత్తి తెరకు ఎదురుగా పట్టింది. నాలో అలలు కనిపించాయి. కాస్త పక్కకు జరిపింది. అలలూ జరిగాయి. దించింది. తెర మీద ఏమీ లేదు.

"ఫోను చేసిందా ఇదంత?" అన్నాడు పాండురంగం.

"ఫోను తప్పు కాదయ్యా. నేను అడగలే. నువ్వు అడుగుమన్నవ్, నేనే అడగలే." ఆండాళు చీర మడతపెట్టడం మొదలుపెట్టింది. "ఇది మీరడిగిన చీర కాదు మేడం. నేనే ఉంచుకుంట. మీకు ఇంకోటి చేసిస్త, గని ఎనిమిది రోజులల్ల కాదు."

"నేను అడిగింది ఇది కాదు, నిజమే," అన్నారు టీచర్. ఆవిడకు మొహమాటానికి మెచ్చుకునే అలవాటు లేదు. ఆ గొంతులో నిరాశ దాగలేదు. ఆ తర్వాత మడత పెట్టబోతున్న చీరను చెయ్యి వేసి ఆపారు. చతురస్రాలు లెక్కపెట్టారు. ముప్పై ఒకటీ ఉన్నాయి. ఒక అల మీద వేలు పెట్టి కొస దాకా వెళ్ళారు, మళ్ళీ మొదటికి వచ్చారు.

"ఈ వంకీ ఎక్కడా విరగలేదు. ఎట్లా కట్టావు?"

ఆండాళు ముక్కు తుడుచుకుంటూ చెప్పింది. మొదట ఒక్కో పోగుకు రెండు గళ్ళు జరగాలి, తర్వాత ఒకటి, తర్వాత రెండు పోగులకు ఒకటి, తర్వాత నాలుగింటికి ఒకటి, అక్కడ తిరగాలి. టీచర్ సుద్దముక్క తీసుకుని బోర్డు మీద చుక్కలు వేసి కలుపుతూ పోయారు. ఆండాళు చెప్పిన అంకెల మీద అల అచ్చంగా లేచి వంగింది.

"పదో తరగతి వాళ్ళకు గ్రాఫులో ఈ గీత వేయించడానికి నా తల ప్రాణం తోకకొస్తుంది. నువ్వు దారం మీద వేశావు," అన్నారు సరోజన టీచర్. "చీర ఇటివ్వు. నేను కట్టుకుంటా."

"పాపమని తీసుకోకండ్రి మేడం," అంది ఆండాళు.

"పాపమైతే బీరువాలో పెడతా. నలుగురిలో కట్టుకుంటానా?"

కట్టుకున్నారు. సభలో ఎవరో చీర సంగతి ఎత్తితే, చతురస్రాలు తనవనీ, అలలు ఆండాళువనీ మైకులోనే చెప్పారు. ముందు వరసలో కూర్చున్న ఆండాళుకు ఆ అబద్ధం మింగుడు పడలేదు. లేచి నిలబడి, "నాయి కావు మేడం, ఫోనువి!" అని నన్ను పైకెత్తి చూపింది. సభంతా గొల్లున నవ్వి చప్పట్లు కొట్టింది. నా జీవితంలో నాకు చప్పట్లు పడ్డది ఆ ఒక్కసారే. దేనికి పడ్డాయో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఇప్పుడు నాకు వయసైపోయింది. గాజు మీద నెర్రె, ఒంట్లో చార్జింగు నిలవదు. మాట్లాడుకోవడానికి ఆమెకు కొత్త ఫోను ఉంది. నన్ను మాత్రం మగ్గం పక్కన గూట్లో పెట్టుకుంది. వారానికోసారి బడికి తీసుకెళ్ళి, వెలిగే తెర ముందు వంచి, తిప్పి, నచ్చిన వంకీ దొరికే దాకా ఫోటోలు తీస్తుంది. అడగాల్సినవి కూడా అడుగుతుంది. పట్టు ఇచ్చేవాణ్ణి, రంగు తెచ్చేవాణ్ణి, టీచర్‌ను, అందరినీ.

మొన్న సేఠే స్వయంగా ఇంటికి వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడిచి, మగ్గం మీద ఉన్న అలల చీరను వంగి చూసి, "పాండూ, గిసొంటియి నాకు పది కావాలె. ఎప్పటికిస్తవు?" అన్నాడు.

పాండురంగం మగ్గంలో అడ్డపోగు వేస్తున్న చెయ్యి ఆపలేదు, తల కూడా ఎత్తలేదు.

"నన్నడిగితే ఏం తెలుస్తది సేఠూ? ఆండాళు లోపలుంది. కూసో, పిలుస్త."