మోటారు రూము గోడ మీది ఫోన్

హేమలతకు ఆ ఫోన్‌ను తీసుకెళ్లి గోదావరిలో గిరాటేద్దామన్నంత కోపం వచ్చింది. పొద్దున ఆరింటి నుంచి టింగు టింగుమంటూనే ఉంది. ఆశా వర్కర్ల గ్రూపులో పూల బొమ్మలు, సెక్టార్ గ్రూపులో మళ్లీ అవే పూల బొమ్మలు, వాటికి అరవై మంది దండాలు. ఆ దండాల నడుమ ఎవరో గర్భిణుల వివరాలు అడుగుతారు. అది చూసుకోకపోతే మీటింగులో అక్షింతలు.

తండాలో ఇళ్ల దగ్గర సిగ్నల్ రాదు. పాల్వంచ నుంచి భద్రాచలం పోయే రోడ్డు వదిలి మూడు కిలోమీటర్లు అడవి వైపు వస్తే తండా, దాని వెనక గుట్ట, గుట్ట మీద పాత మోటారు రూము. ఆ రూము పిట్టగోడ మీద మాత్రం రెండు గీతలు కనిపిస్తాయి. అందుకని పొద్దున్నే ఎవరి ఫోన్ వాళ్లు తెచ్చి ఆ గోడ మీద వరసగా పెట్టి, ఎండ తగలకుండా రేకు ముక్క కప్పి, చేలకు వెళ్లిపోతారు. ఏ ఫోన్ మోగినా అక్కడున్నవాళ్లు ఎత్తి, పేరు పెట్టి కిందికి కేకేస్తారు. తండాలో అదే పద్ధతి, అందులో ఎవరికీ తప్పు కనిపించదు.

అక్కడ ఎప్పుడూ ఉండేది రెడ్యా తాత. మోకాళ్ల నొప్పులతో మేకల వెంట తిరగలేక, వాటిని గుట్ట మీద వదిలి గోడ పక్కన కూర్చుంటాడు. ఫోన్ ఎత్తి పేరు కేకేసి ఊరుకుంటే ఎవరికి నష్టం? ఊరుకోడు. ఏ ఊరు, ఏం పని, పిల్లలెందరు అని అవతలివాళ్ల పుట్టుపూర్వోత్తరాలు అడుగుతాడు. ఇవతలివాళ్లవి అడక్కుండానే చెబుతాడు.

పోయిన వారం సూపర్‌వైజర్ నాగలక్ష్మి మేడం ఫోన్ చేస్తే, “హేమలత ఇంట్ల పండుకున్నది మేడం, నడుము నొప్పంట, పొద్దుగాల మొగనితోని లొల్లి గూడ అయింది” అని చెప్పాడట. మేడం దాన్ని మీటింగులో అందరి ముందూ చదివినట్టు వినిపించింది. హేమలతకు తల కొట్టేసినట్టయింది. నేరుగా గుట్టెక్కింది.

“తాతా, ఇగ నా ఫోన్ ముట్టకు. మోగనీ, పగలనీ, నువ్వు మాత్రం ముట్టకు!”

“గట్లనే బిడ్డా,” అన్నాడు రెడ్యా, చిన్నబుచ్చుకుని.

ఆ కోపంలోనే ఫోన్ సంగతి కూడా తేల్చేద్దామని కూర్చుంది. గ్రూపుల నోరు నొక్కితే ఫొటోల యాప్ మోగింది. దాని నోరు నొక్కితే, నువ్వెన్ని అడుగులు నడిచావో చూసుకో అని ఇంకోటి మోగింది. రోజంతా గుట్ట ఎక్కి దిగేదానికి అడుగుల లెక్క చెప్పేదెవరు! విసుగొచ్చి, ‘డోంట్ డిస్టర్బ్’ అన్నది నొక్కి, పేరు సేవ్ చేసుకున్నవాళ్ల కాల్స్ మాత్రమే మోగేటట్టు పెట్టింది. ఏఎన్ఎం నర్సు శిక్షణ కేంద్రం నుంచి వచ్చిన ఉత్తరం మీద ఆఫీసు నంబరు ఉంటే అది కూడా సేవ్ చేసింది. సౌండు చివరిదాకా పెంచింది. హమ్మయ్య అనుకుంది.

ఆ నంబరు కోసమే ఆమె ప్రాణం కొట్టుకుంటోంది. పదకొండేళ్లుగా ఆశా పని చేస్తోంది. పిల్లల్ని పడుకోబెట్టి చదివి, ప్రైవేటుగా ఇంటర్ పాసైంది. శిక్షణకు వయసు దాటిపోకుండా మిగిలింది ఈ ఒక్క ఏడాదే. వెయిటింగ్ లిస్టులో రెండో పేరు తనది. గురువారం పదింటి నుంచి ఫోన్ చేస్తాం, ఎత్తకపోతే తర్వాతి పేరుకి వెళ్తాం అని ఉత్తరంలో స్పష్టంగా రాశారు.

గురువారం పదకొండింటి దాకా గోడ దగ్గరే ఉంది. ఆ తర్వాత గోప్యా కోడలికి బీపీ చూడాలని పావుగంట కిందికి దిగింది. నెలలు నిండిన మనిషి, చూడక తప్పదు. సౌండు నిండుగా ఉంది కదా, మోగితే తండా అంతా వినబడుతుందనుకుంది.

తిరిగొచ్చి చూస్తే మూడు మిస్డ్ కాల్స్. ఎవరిదో సెల్ నంబరు.

“తాతా, ఫోన్ మోగిందా?”

“మోగలే బిడ్డా. మూడుసార్లు వెలిగింది. నేను గీడనే కూసోని సూస్తున్న.”

“సూస్తే ఎత్తొద్దా!”

“నువ్వే ముట్టొద్దంటివి గద.”

హేమలత ఫోన్ అందుకుంది. ఆ నంబరుకే తిరిగి చేసింది. గీతలు పోయాయి. ఏరోప్లేన్ బొమ్మ నొక్కి, తీసి, మళ్లీ నొక్కి, తీసి, నెట్ ఆపి, సిమ్ మార్చి, నాలుగోసారికి కలిపింది. శిక్షణ కేంద్రం గుమస్తానే. ఆఫీసు ఫోన్ పాడైందని సొంత సెల్ నుంచి చేశాడట. సేవ్ చేయని నంబరు కాబట్టే మోగలేదు.

“మూడుసార్లు చేశానమ్మా. తర్వాతి అమ్మాయికి చెప్పేశాను. నాలుగులోపు ఎవరైనా వద్దంటే మళ్లీ చేస్తాను. అంతకన్నా నా చేతిలో ఏం లేదు.”

ఆమె గోడకు ఆనుకుని ఏడ్చింది. సిగ్గు కూడా పడలేదు. తరవాత కళ్లు తుడుచుకుని, పెట్టిన సెట్టింగులన్నీ ఒక్కొక్కటే తీసేసింది. మళ్లీ టింగులు మొదలయ్యాయి. మొదటి టింగుకి చటుక్కున ఫోన్ అందుకుంది. చూస్తే మధ్యాహ్న శుభాకాంక్షలతో ఒక చిలక. పంపినామెను మనసులో తిట్టాల్సినవన్నీ తిట్టింది.

మూడు దాటుతుండగా గోప్యా రొప్పుతూ వచ్చాడు.

“అక్కా, కోడలికి నొప్పులు లేసినయ్. జల్దీ రా!”

హేమలత అక్కడి నుంచే అంబులెన్సు కోసం 102కి ఫోన్ చేసింది. బండి వచ్చేసరికి అరగంట పడుతుందన్నారు. ఫోన్ వెంట తీసుకుని దిగితే కింద సిగ్నల్ ఉండదు. ఇక్కడే కూర్చుంటే కింద ఆ పిల్ల ఏమవుతుందో! పదకొండేళ్ల కష్టం ఒకవైపు లాగుతుంటే ఏం చేయాలో తోచక ఒళ్లు మండిపోయింది. ఫోన్‌ను రెడ్యా చేతిలో పెట్టింది.

“ఎవరు చేసినా ఎత్తు తాతా. నేనొచ్చేదాంక పెట్టనియ్యకు.”

“ఏం చెప్పాల్నే?”

“నీ ఇష్టం!”

కింద గోప్యా కోడలు చెయ్యి వదలడం లేదు. ఆమెకు ధైర్యం చెప్పి, కార్డు, బట్టలు సంచిలో సర్దిస్తుండగా గుట్ట మీది నుంచి కేక వచ్చింది. “హేమలతో! ఫోనో!” పిల్లను అత్తకు అప్పజెప్పి పరుగెత్తింది. చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని సగం గుట్ట ఎక్కేసరికి రెడ్యా గొంతు వినిపించింది.

“పెట్టకు సారూ, ఉరుకుతున్నది, కండ్లారా సూస్తున్న. బోరింగు దాటింది... లే, కాన్పు కాడ ఉండె. మా తండల ఏ పిల్ల పుట్టినా మొదలు ఎత్తుకునేది ఈమెనే. నా మోకాళ్లకు గోలీలు గూడ ఈమెనే ఇస్తది. నేనే ఓ పాలి ఈమె ఇజ్జత్ తీసిన... అగో, వచ్చింది.”

హేమలత ఫోన్ లాక్కుంది. ఊపిరి అందడం లేదు.

“ఏడు నిమిషాలమ్మా!” అన్నాడు గుమస్తా. “పెడతానంటే ఆ పెద్దాయన పెట్టనిస్తేనా! మీకు నిరుడు తేలు కుట్టింది కూడా చెప్పాడు. ఆ అమ్మాయి రానంది. మీరొస్తారా?”

“వస్త సార్. వస్త.”

“సోమవారం సర్టిఫికెట్లతో రండి.”

కాల్ అయిపోయింది. కింద రోడ్డు మలుపులో 102 బండి హారన్ వినబడుతోంది. ఆమె మళ్లీ పరుగెత్తాలి. రెడ్యా మాత్రం ఆమె ముఖంలోకి భయంభయంగా చూస్తున్నాడు.

“మొగనితోని లొల్లి సంగతి మాత్రం చెప్పలే బిడ్డా,” అన్నాడు.