బోర్డు మీద బెండకాయ

ఆసుపత్రి తలుపులు తెరవడానికి ఇంకా పది నిమిషాల టైముంది. రోగుల్ని పేరుపెట్టి పిలిచే కొత్త ప్రోగ్రాం అమ్మడు రాసింది. ఈ రోజే మొదలు. సర్వర్లు చూసుకునే బాబాయ్ ఆమె పక్కనే నిలబడ్డాడు. ఆమె మీట నొక్కగానే హాల్లో పెద్ద బోర్డు వెలిగింది.

"బెండకాయ గారు, మూడో గదికి రావాలి."

అద్దాల తలుపు బయట ఉన్న జనం గొల్లున నవ్వారు. బెండకాయ, సొరకాయ టెస్టు డేటాబేసులోని ఉత్తుత్తి రోగులు. అసలు పేర్లతో కలవకూడదని అమ్మడు వాళ్ల ఆఫీసులో కూరగాయల పేర్లే పెట్టుకుంటారు.

"బాబాయ్, కొంప మునిగింది! ఇది టెస్టు డేటాబేసుకే తగులుకుని ఉంది."

"డేటాబేసు అడ్రసు ఎక్కడ రాశావే?"

"ప్రోగ్రాంలోనే."

"ఏ సర్వర్‌లో నడిస్తే ఆ సర్వర్ సెట్టింగుల్లోంచే అడ్రసు తీసుకోమని మొత్తుకున్నానా లేదా?"

"తర్వాత తిడుదువుగాని. ఇక్కడి సర్వర్‌లో అసలు రోగుల డేటాబేసు అడ్రసు పెట్టావా?"

"నిన్ననే పెట్టా. నీ ప్రోగ్రాం అడగడమే ఆలస్యం."

ఆమె ప్రోగ్రాంలో అడ్రసున్న వరుస చెరిపేసి, అడ్రసు సర్వర్‌నే అడిగేలా మార్చింది. ముందు టెస్టు మెషీన్‌లో నడిపింది. అది సొరకాయను పిలిచింది. ఒక్క అక్షరం మార్చకుండా అదే ప్రోగ్రాంను ఆసుపత్రి సర్వర్‌లోకి పంపింది.

తలుపులు తెరుచుకున్నాయి. జనం వచ్చి బెంచీల మీద కూర్చున్నారు. బోర్డు ఖాళీగా ఉంది. అమ్మడు కుర్చీ అంచుకు జరిగి బోర్డు వైపే చూసింది.

బోర్డు మీద ఒక పేరు మెరిసింది. చక్రాల కుర్చీలోని అవ్వ చెయ్యెత్తింది.

"నాదే! అది నా పేరే!"

అమ్మడు కుర్చీలోంచి ఎగిరి లేచింది.

"బాబాయ్, మనిషి! నిజం మనిషి!"