రెండు డివిజన్ల వంటిల్లు

ఆ డివిజన్‌లో జనం మరీ పెరిగిపోయారని, దాన్ని ఉత్తరం, దక్షిణం అని రెండు ముక్కలు చేయాలని పైవాళ్ళు నిర్ణయించారు. సర్వేవాళ్ళు వీధి వీధినా సున్నంతో గీత గీసుకుంటూ వచ్చారు. ఆ గీత కండక్టరమ్మ ఇంటి గుమ్మం దాటి, తిన్నగా వంటింట్లోకి జొరబడి, పొయ్యి గట్టును నిలువునా చీల్చి, వెనక గోడెక్కి పోయింది. గ్యాస్ పొయ్యికి ఒక బర్నరు ఉత్తరంలో, ఇంకోటి దక్షిణంలో పడ్డాయి.

"అయ్యో, నా పొయ్యి!" అని అత్తగారు లబలబలాడింది.

కండక్టరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు దాచుకుంది. కిక్కిరిసిన బస్సును ఒక్క ఈలతో కదిలించే మనిషే గానీ, కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ పొయ్యి మీద తన చేత్తో టీ పెట్టుకున్న పాపాన పోలేదు. ఆ వంటింట్లో గరిటె కదలాలంటే అత్తగారే కదపాలి.

మర్నాడు పొద్దున్నే జనాభా లెక్కలవాళ్ళు ఊడిపడ్డారు. ఉత్తరం తరఫున ఒకావిడ, దక్షిణం తరఫున ఒకాయన. జనం ఎక్కువున్న వైపుకే ఆసుపత్రి వస్తుందట, అందుకే ఒక్క మనిషిని కూడా వదులుకునేలా లేరు.

"పొయ్యి ఎటుంటే కుటుంబం అటే. రూలు అదీ," అన్నాడాయన.

"మా అక్క ఇల్లు ఉత్తరంలో ఉంది. మేమంతా ఉత్తరమే. రాసుకోమ్మా," అంది అత్తగారు.

"మా డిపో దక్షిణంలో ఉందండీ. నేను దక్షిణం," అనేసింది కండక్టరమ్మ.

అత్తగారి మాటకు ఎదురు చెప్పడం అదే మొదలు. పళ్ళు తోముకుంటున్న మొగుడు నోట్లో బ్రష్షుతోనే తొంగి చూశాడు.

"మరి నేనో?"

"ఎవరి వంట తింటే వాళ్ళ మనిషివి," అంది లెక్కలావిడ.

అతను తల్లిని చూశాడు, పెళ్ళాన్ని చూశాడు. "నాకు ఆకలిగా లేదు," అన్నాడు.

లెక్కలాయన ముందు కిసుక్కుమన్నాడు. ఆ తర్వాత అరుగు మీది మామగారితో సహా అందరూ ఒక్కసారిగా గొల్లుమన్నారు. అత్తగారు పెదవులు బిగబట్టి చూసింది కానీ ఆగలేక నేల మీద చతికిలబడి, కళ్ళ నీళ్ళు కారేలా నవ్వింది. నవ్వీ నవ్వీ ఉన్నట్టుండి కోడలి వైపు తిరిగింది.

"అంటే, వేరు కుంపటి పెడతానంటావా?"

కండక్టరమ్మ వంగి గీత మీద వేలు పెట్టింది.

"కుంపటే వేరు అత్తయ్యా, కాపురం కాదు. మధ్యలో గోడేం లేదుగా, సున్నం గీతేగా!"

అత్తగారు లేచి, అటక మీది పాత ఒంటి బర్నరు పొయ్యిని కొడుకు చేత దింపించి, దుమ్ము తుడిచి, గీతకు అవతల పెట్టింది.

"ఇదిగో, నీ డివిజన్ నువ్వు ఏలుకో. నా గరిటెల జోలికి మాత్రం రాకు!"

ఇక చూడాలి ఆ ఇంటి సంబరం! "దక్షిణం, కాస్త ఉప్పుందా?" అని అత్తగారు కేకేస్తే, "టికెట్ తీసుకుని ఎక్కండి!" అని కోడలు ఈల వేసేది. మామగారు ఉత్తరంలో ఒకసారి, దక్షిణంలో ఒకసారి భోంచేసి, రెండు చోట్లా తొలి ముద్దేనని ఒట్టు పెట్టేవాడు. మొగుణ్ణి ఇద్దరూ కలిసి "వలస కూలీ" అని ఏడిపించేవాళ్ళు.

కొన్నాళ్ళకు అభ్యంతరాలు వెల్లువెత్తి, సరిహద్దు మార్కెట్టు వెనక్కి జరిగింది. ఇల్లు మొత్తం దక్షిణంలో కలిసింది. ఆ కబురు తెలిసి కండక్టరమ్మ తన పొయ్యి మీది టీ దించి, తడిగుడ్డ పట్టుకుని గీత తుడవబోయింది.

"ఉండనీవే! అది చెరిపితే నీ వంట నాకు అంటగడతావు," అంది అత్తగారు, గ్లాసు గీత మీదుగా చాపుతూ. "ఏదీ, ఆ టీ నాక్కూడా కాస్త పొయ్యి."