వీరవేణి వంతు

అన్యాయం జరిగింది ఎవరికి? వీరవేణికి. ఎలా జరిగింది? పట్టపగలు, నడిదారిలో, దేవుడి పేరు తలుచుకుంటూ నడుస్తున్నవాళ్ళ సమక్షంలో. దొంగతనమైతే పోలీసులకు చెప్పుకోవచ్చు. గట్టు తగాదా అయితే పెద్దమనుషుల్లో పెట్టుకోవచ్చు. ఒక మనిషి చెయ్యి మంచిది కాదని ఊరంతా తీర్మానిస్తే, ఆ ఫిర్యాదు పుచ్చుకునే కచేరీ మాత్రం ఈ లోకంలో లేదు.

కొత్తపేట దాపున గోదావరి పాయ మధ్య ఉన్న ఒక లంక ఊళ్ళో పాత ఆచారం ఒకటుంది. పుష్కరం వచ్చినప్పుడల్లా ఆ ఊరివాళ్ళు తమ రేవులో దీపం వెలిగించి, ఆరనివ్వకుండా అంతర్వేదిదాకా కాలినడకన తీసుకువెళ్ళి, గోదావరి సముద్రంలో కలిసేచోట ఇసుకమీద దించుతారు. దీపం చిల్లుల కుండలో ఉంటుంది. కుండ తలమీద ఉంటుంది. ఇంటికొక వంతు. వంతు మారినప్పుడల్లా ప్రమిదలో నూనె పోస్తారు. గోదావరి పుష్కరం ఎప్పుడొచ్చినా వానల్లోనే వస్తుంది కనుక, దీపం నిలిచిందంటే ఆ పన్నెండేళ్ళూ ఊరికి చల్లగా ఉంటుందని నమ్మకం.

తొంభై ఒకటిలో ఆఖరి వంతు వీరవేణిది. అంతర్వేది ఇంకా కోసెడు దూరం ఉందనగా, మురుగు కాలువ వంతెన మీద, ఆమె తలమీద దీపం చిటపటలాడి ఆరిపోయింది. గాలి లేదు. వాన కూడా అప్పుడే తెరిపి ఇచ్చింది. నూనె దానం చేసిన మిల్లు యజమాని రాజేంద్రప్రసాద్ ఆమె చేతులవైపు చూసి, "నూనె నిండుగా ఉందండి, వత్తి కొత్తదండి. మరి చెయ్యి ఎలాంటిదో మనకేం తెలుసండి" అన్నాడు. అంతే. ఎవరో కుండ దించారు, ఎవరో అగ్గిపుల్ల గీశారు, ఇంకెవరో ఎత్తుకున్నారు. వీరవేణి చివరికంటా అందరి వెనక నడిచింది. ఆ నెలలోనే, ఏళ్ళ తరబడి మంచాన ఉన్న రాజేంద్రప్రసాద్ తల్లి కన్నుమూసింది. ఆ చావు కూడా వీరవేణి చేతికే అంటగట్టారు.

అంతకు ముందు ఊడ్పులకు మొదటి మొక్క ఆమె చేత నాటించేవారు. కొత్తావకాయలో ఉప్పు ఆమె చేత వేయించేవారు. ఆ తరువాత జాడీ తెరిచి ఉంటే, "వేణమ్మా, కొంచెం అవతల కూచుంటావా" అనేవారు. ఎంతో మర్యాదగా అనేవారు. ఆ మర్యాదే ఎక్కువ బాధించేది.

అందుకే రెండువేల మూడులో, పుష్కరం ఇంకా పదిరోజులుందనగా, దీపం నడకకు పెద్ద అయిన జగ్గారావు తుంపరలో తడుస్తూ వచ్చి ఆమె అరుగుమీద కూర్చున్నప్పుడు, వీరవేణి మంచినీళ్ళు ఇచ్చి నిలబడింది. తాను కూర్చోలేదు.

"ఈసారీ ఆఖరి వంతు నీదేనమ్మాయ్."

"నాకెందుకండి, బాబయ్యగారూ? ఆవకాయ జాడీకి పనికిరాని చెయ్యి దీపానికి పనికొస్తుందాండి?"

"వంతు ఇంటిది గదమ్మా. తీసెయ్యడానికి నేనెవణ్ణి."

"పిలవమని ఎవరన్నారండి?"

జగ్గారావు గ్లాసులోకి చూశాడు. "భవానమ్మగారు."

భవానీదేవి రాజేంద్రప్రసాద్ భార్య. ఆ పేరు వినగానే వీరవేణికి విషయం అర్థమైందనిపించింది. ఈ ఏడు కూడా నూనె వాళ్ళదే. ఈ ఏడు కూడా ఏదైనా తేడా వస్తే నెత్తిన రుద్దడానికి ఒక నెత్తి కావాలి. అలవాటైన నెత్తి అయితే మరీ సుఖం.

మస్కట్‌లో ఉన్న భర్త కుమారస్వామి ఫోనులో, "మానెయ్యవే, మనకెందుకు" అన్నాడు. మానెయ్యవలసిందే. కానీ మలికిపురంలో ఇచ్చిన కూతురు సత్యదుర్గకు నెలలు నిండుతున్నాయి. పుట్టబోయే బిడ్డకు మొదటి నీళ్ళు ఎవరు పోయాలన్న మాట వచ్చినప్పుడు, వియ్యపురాలు చిన్నమ్మలు, "మా ఆడపడుచు పోస్తుందిలెండి, మీకెందుకు శ్రమ" అంది. కూతురు తల వంచుకుంది తప్ప కాదనలేదు. వీరవేణి ఆ వంచిన తలను మరిచిపోలేకపోయింది. దీపం సముద్రందాకా నిలిస్తే ఆ బిడ్డ ఒంటిమీద తన చెయ్యి పడుతుంది. ఆరిపోతే ఈ జన్మకు పడదు. ఆమె సంచి సర్దుకుంది.

బయలుదేరిన నాటినుంచీ వాన వదలలేదు. ఒకసారి సన్నగా, ఒకసారి కుండపోతగా, గన్నవరం అక్విడక్టు వంతెన దాటేసరికి అడ్డంగా. కింద వైనతేయ పాయ ఎర్రగా, ఒడ్డులు మింగి పోతోంది. మనుషులు పాలిథిన్ పట్టాలు కప్పుకొని, బురదలో బొటనవేళ్ళు పాతుకుంటూ నడిచారు. కుండమీద తాటాకు గొడుగు పట్టారు. అందరూ గోవింద కొట్టారు. వీరవేణి కూడా కొట్టింది. కళ్ళు మాత్రం నూనె డబ్బా మీద ఉంచింది.

నూనె పోసేది భవానీదేవి. ఆమె వెనక రిక్షాబండిలో పెద్ద డబ్బా వస్తోంది. వంతు మారినప్పుడల్లా దాన్ని వంచి, చెంబులోకి తీసి, ప్రమిదలో పోస్తోంది. అది అందరికీ తెలిసిందే. కానీ ఆమె చంకలో, తడవకుండా పమిట చాటున, మూతికి గుడ్డ కట్టిన చిన్న స్టీలు క్యాను ఒకటుంది. దాన్ని ఆమె బండిలో పెట్టలేదు, ఎవరికీ ఇవ్వలేదు, రాజోలులో పడుకున్నప్పుడు తల కింద పెట్టుకుంది.

"అందులో ఏముందంటావే, బేబీ?" వీరవేణి పక్కింటి బేబిని అడిగింది.

"కాఫీ అయ్యుంటుందక్కా. గొప్పోళ్ళు గదా."

"కాఫీకి మూతిమీద వాసెన కడతారా?"

"మన మొగుళ్ళ మూతికి కడితే బాగుండును గానీ" అని బేబి నవ్వింది. వీరవేణి నవ్వలేదు. కాసేపటికి బేబి కూడా ఆ క్యానువైపు చూసి, "నిజమేనక్కా, ఒక్కసారి కూడా తియ్యలేదు" అంది.

ఒక్కసారి కూడా తియ్యనిది కాఫీ కాదు, నూనే. ఆ నూనె ఎవరికోసం? ఇంక మిగిలింది ఆఖరి వంతు ఒక్కటే. వీరవేణి దారి పొడుగునా ఆ లెక్కనే తిప్పి తిప్పి చూసుకుంది. ఎటు తిప్పినా జవాబు తనదగ్గరికే వచ్చి ఆగింది.

మలికిపురంలో చిన్నమ్మలు గొడుగు వేసుకొని రోడ్డు పక్కకు వచ్చి అందరికీ మజ్జిగ ఇచ్చింది. సత్యదుర్గ అరుగుమీద స్తంభం పట్టుకు నిలబడి తల్లిని చూసింది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

"దీపం చక్కగా వెలుగుతోందండి, వదినగారూ" అంది చిన్నమ్మలు.

"ఇంకా నా వంతు రాలేదు గదండి."

"ఆయ్. అదేనండి నేనూ అనుకుంటున్నాను. సముద్రం చూడనివ్వండి, మిగతా మాటలు తరవాత మాట్లాడుకుందాం."

కబురు చెప్పినట్టూ ఉంది, షరతు పెట్టినట్టూ ఉంది. వీరవేణి మజ్జిగ గ్లాసు తిరిగి ఇచ్చేసింది.

మురుగు కాలువ వంతెన మీదికి వచ్చేసరికి కుండ ఇంకొకరి తలమీద ఉంది. పూర్వం ఆఖరి వంతు ఆ వంతెనకు ఇవతలే మొదలయ్యేది. ఈసారి దాన్ని కుదించి, అంతర్వేది గుడివీధి నుంచి ఇసుకదాకా చేశారు. నడవలేని ముసలివాళ్ళకు మొక్కు తీర్చడానికి ఇచ్చేపాటి దూరం. వీరవేణి వంతెన రాతిమీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆగింది. రాజేంద్రప్రసాద్ వెనకనుంచి, "పదండి, పదండి, ఇక్కడ ఆగడం మంచిది కాదు" అన్నాడు.

గుడివీధిలో ఒక సత్రం అరుగు ఎక్కారు. వాన చూరునుంచి తాళ్ళు కట్టినట్టు దిగుతోంది. కుండ దించి, జగ్గారావు పక్కకు తప్పుకున్నాడు. భవానీదేవి ముందుకు వచ్చి, పెద్ద డబ్బా వదిలేసి, చంకలోని క్యాను తీసి గుడ్డ విప్పింది.

వీరవేణి ఆమె మణికట్టు పట్టుకుంది. దీపం నడక మొదలైన నాటినుంచీ అలాంటి పని ఎవరూ చెయ్యలేదు.

"ఆ నూనె వద్దండి, భవానమ్మగారూ. ఊరందరికీ పోసిందేదో నాకూ అదే పొయ్యండి."

"వేణమ్మా, ఇది నీకోసమే తెచ్చేను."

"తెలుసండి. అందుకే వద్దంటున్నాను."

భవానీదేవి ముందు భర్తవైపు చూసింది. రాజేంద్రప్రసాద్, "అడుగుతోంది గదా, డబ్బాలోదే పొయ్యి. గొడవెందుకు" అన్నాడు. మామూలుగానే అన్నాడు. కానీ ఆ మాట వినగానే భవానీదేవి క్యాను కింద పెట్టి, నిటారుగా నిలబడింది.

"పోస్తాను. కుండలో మాత్రం కాదు."

ఆమె తన సంచిలోంచి రెండు ఖాళీ ప్రమిదలు తీసి అరుగుమీద పెట్టింది. ఒకదాంట్లో పెద్ద డబ్బాను పూర్తిగా వంచి అడుగునున్న నూనె పోసింది. రెండోదాంట్లో క్యానులోది పోసింది. రెండు కొత్త వత్తులు వేసి, నూనెలో బాగా ముంచి, రెండూ వెలిగించింది.

"చూడండి" అంది.

క్యాను నూనె దీపం నిలువుగా, కదలకుండా వెలిగింది. డబ్బా నూనె దీపం మొదట బాగానే పట్టుకుంది. తరువాత చిట్లింది. చిటపటమని నిప్పురవ్వలు ఎగిరాయి. వణికింది, కుంగింది, పొగ వదిలి చచ్చింది. గాలి లేదు. ఆ ప్రమిద దగ్గర వీరవేణి చెయ్యీ లేదు.

"అడుగున నీళ్ళు" అంది భవానీదేవి. "వానాకాలం కొబ్బరి సరిగ్గా ఎండకుండా ఆడిస్తే నూనెలో నీళ్ళుంటాయి. పైన తేట, అడుగున నీరు. ఆఖరి వంతుకి వచ్చేది అడుగే. ఆ ఏడు నేను ఇంటికెళ్ళి, తులసికోట దగ్గర అదే డబ్బా అడుగు పోసి వెలిగించేను. ఇలాగే చచ్చింది. మా ఆయన్ని పిలిచి చూపించేను."

జగ్గారావు మిల్లు యజమానివైపు తిరిగాడు. "ప్రసాదుగారండీ, నిజమేనాండి?"

"వానాకాలం కొబ్బరండి. ఎవరి మిల్లులోనైనా అంతేనండి" అన్నాడు రాజేంద్రప్రసాద్.

"అది కాదండి నేనడిగింది. మీకు చూపించేరా, లేదా?"

"ఆయ్" అన్నాడు రాజేంద్రప్రసాద్. "మిల్లు కొత్తగా పెట్టిన రోజులండి. నూనెలో నీళ్ళని తెలిస్తే ఎవరు కొంటారండి?"

"అందుకని నా చెయ్యి అమ్మేసేరు" అంది వీరవేణి.

ఆమె క్యానువైపు చూసింది. తను తోసెయ్యబోయింది మంచి నూనెను. పట్టుబట్టి అడిగింది తన దీపాన్ని రెండోసారి చంపే నూనెను. అయినా మణికట్టు పట్టుకున్నందుకు ఆమె సిగ్గుపడలేదు. పన్నెండేళ్ళు అనుమానంతో బతికినవాళ్ళకు నమ్మకం ఒక్క గడియలో అరువు దొరకదు.

"ఇదెక్కడిదండి?"

"అటకమీద ఏడాదిపాటు ఎండిన కురిడీ కొబ్బరికాయలు. మా మిల్లులో ఆడించలేదు. మా పుట్టింటివైపు ఎద్దుగానుగలో ఆడించేను."

"ఇన్నాళ్ళూ ఏం చేసేరండి?"

భవానీదేవి తప్పేనని తల వంచి ఒప్పుకుంది. సాకు మాత్రం చెప్పలేదు.

రాజేంద్రప్రసాద్ చేతులు జోడించబోయాడు. "ఏదో జరిగిపోయిందమ్మా. పదిమందిలో క్షమించమని..."

"నాకు దణ్ణాలు వద్దండి. మీరు నాకు దణ్ణం బాకీ లేరు, వంతు బాకీ ఉన్నారు. వంతెన దగ్గర నా తలమీంచి దించేరు. వంతెన దగ్గరే ఎత్తాలి."

"ఇంత వానలో కోసెడు వెనక్కా?" అన్నారెవరో.

"నేను ముందుకి నడిచింది కూడా వానలోనేనండి."

జగ్గారావు ఎవరి ముఖమూ చూడకుండా తీర్పు చెప్పాడు. "వెనక్కి నడుద్దాం. కుండ ప్రసాదుగారు మోస్తారు. ఆరిపోయినచోట అప్పగిస్తారు."

కుండలోని ప్రమిదను క్యాను నూనెతో నింపారు. చుట్టకుదురు రాజేంద్రప్రసాద్ తలకు సరిపోలేదు. బేబి తన తువ్వాలు చుట్టి సరిచేస్తూ, "మెల్లిగా నడవండి, బాబుగారూ, చెయ్యి ఎలాంటిదో మాకేం తెలుసండి" అంది. ఒకరిద్దరు నవ్వి ఆపుకున్నారు. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. మోకాళ్ళదాకా పంచె ఎగగట్టి, బురదలో జారుతూ, వంతెనదాకా మోశాడు. రాతి పక్కన కుండ దించి, రెండు చేతులతో ఎత్తి, వీరవేణి తలమీద పెట్టాడు.

ఆమె నడిచింది. రాజేంద్రప్రసాద్ పక్కన తాటాకు గొడుగు పట్టాడు. ఆమె ప్రతి అడుగుకూ చెవి కుండవైపే ఒగ్గింది. ఎక్కడైనా చిటపట వినిపిస్తుందేమోనని, ఎవరైనా మరీ దగ్గరగా వస్తున్నారేమోనని, కంటిచివరనుంచి కనిపెడుతూనే ఉంది. వాన చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. గుడివీధి వచ్చింది, పోయింది. ఇసుక తగిలింది. ఎర్రనీరు, నల్లనీరు ఒకదాన్నొకటి తోసుకునేచోట అలలు బోర్లాపడుతున్నాయి. చిల్లుల్లోంచి పడిన వెలుతురు ఆమె భుజాలమీద, తడి ఇసుకమీద చుక్కలు చుక్కలుగా కదిలింది.

ఆమె కుండను తనే దించింది. కుండమీది మూకుడు తీసి చూసింది. దీపం నిలువుగా ఉంది.

భవానీదేవి దగ్గరకు వచ్చి, క్యానులో మిగిలిన నూనెను ఆమె ముందు పెట్టింది. "పురిటికి ఉంచుకో. బిడ్డ ఒంటికి మంచిది." వీరవేణి క్యాను మూతి వాసన చూసి, అప్పుడు చేతిలోకి తీసుకుంది. వెనక బేబి ఎవరితోనో అంటోంది: "మలికిపురంలో చిన్నమ్మలుగారికి నేనే చెప్తాను, ఎవరూ నాకంటే ముందు చెప్పకండి."

జగ్గారావు అందరికీ వినిపించేలా అడిగాడు. "నీ వంతు ముట్టిందామ్మా? ఇంకేమన్నా మిగిలిందా?"

వీరవేణి వెనక్కి తిరిగి, ఒక్కొక్క ముఖమే చూసింది. తరువాత సముద్రంవైపు తిరిగింది.

"ముట్టిందండి, బాబయ్యగారూ. అంతా ముట్టింది."