రెండో అద్దం

రుణ సంఖ్యను రుణ సంఖ్యతో గుణిస్తే ధన సంఖ్య ఎందుకవుతుంది? ఎనిమిదో తరగతిలో పుట్టిన ఈ సందేహం నలభై దాటినా అతన్ని వదల్లేదు. లేమిని లేమితో హెచ్చించి కలిమి చేసే కిటుకు దేవుడికి తెలుసేమోగానీ, సెలూన్ నడుపుకునే తన బుర్రకు మాత్రం ఎక్కలేదు.

దేవుడి పటానికి దండం పెట్టుకుని, కత్తిని తోలుపట్టీ మీద సానపడుతూ పెదవుల్లోనే సూత్రాలు వల్లిస్తున్నాడు. ఆదివారం పీజీ ప్రవేశ పరీక్ష. ఇప్పటికి రెండుసార్లు లెక్కల్లోనే పోయింది. ఈసారీ పోతే పుస్తకాలు అటకెక్కిస్తానని భార్యకు మాటిచ్చాడు. "ఆ మాట నేనడిగానా అండీ?" అని ఆవిడ నవ్వింది.

ఏటవాలు ఎండలో పౌడరు పొగమంచులా తేలుతోంది. అందులోంచే నడిచొచ్చినట్టు వచ్చారు, చిన్నప్పటి లెక్కల మాస్టారు. తలుపు పట్టుకుని కాసేపు ఆయాసం తీర్చుకుని కుర్చీలో కూర్చున్నారు. గడ్డం గీయించుకుంటూ, అద్దం ముందున్న మాదిరి ప్రశ్నపత్రం చూశారు.

"ఇవన్నీ వదిలేశావేంరా?"

"మైనస్‌లు మాస్టారూ. అవి ఎదురైతే పక్కకి తప్పుకుంటాను."

"వచ్చినవే మళ్ళీ మళ్ళీ చేస్తే ముచ్చట తీరుతుంది, మార్కులు రావు. ఎక్కడ తడబడతావో అక్కడే కూర్చో."

"అదెందుకలా అవుతుందని అప్పట్లో మిమ్మల్నే అడిగాను. రేపు చెప్తానన్నారు."

మాస్టారు నురగలోంచి నవ్వారు. "అప్పుడు నాకూ తెలీదురా. తెలిశాక నువ్వు అడగలేదు. సరే, నా వెనక గోడ మీద ఏం రాసుంది?"

"అప్పు రేపు. మీకు కాదులెండి."

"నాకే! అద్దంలో ఎలా ఉంది?"

"తిరగబడి ఉంది."

"మైనస్‌తో గుణించడమంటే అంతే, తిప్పెయ్యడం. ఇప్పుడు కుర్చీ తిప్పి, ఆ చేతి అద్దం ఇలా ఇవ్వు."

అతను ఆయన మొహం తుడిచి కుర్చీ తిప్పాడు. పెద్దద్దానికి వీపు పెట్టి మాస్టారు చేతి అద్దం ఎత్తారు. అతను ఆయన భుజం మీదుగా వంగి చూశాడు. పెద్దద్దంలో తిరగబడ్డ అక్షరాలు ఇందులో మళ్ళీ తిరగబడి, తిన్నగా నిలబడ్డాయి. ఇన్నేళ్ళుగా అందరికీ మెడ వెనక కత్తిరింపు ఇలాగే చూపిస్తున్నాడు, ఒక్కసారీ తట్టలేదు.

"పో, ఆ లెక్కలు చెయ్యి. నేను కాసేపు కళ్ళు మూసుకుంటా."

బెంచీ మీద కూర్చుని మొదలుపెట్టాడు. పంకా నీడ కాగితం మీద మెల్లగా తిరుగుతోంది. వీధి చప్పుళ్ళు నీళ్ళ అడుగునుంచి వస్తున్నట్టున్నాయి. పెన్సిలు ఎక్కడా ఆగలేదు. వెనకపేజీ తిప్పి జవాబులు సరిచూసుకున్నాడు.

"మాస్టారూ, అన్నీ వచ్చాయండీ!"

అతను దగ్గరికెళ్ళి మళ్ళీ పిలిచాడు. భుజం తట్టాడు. ఒళ్ళో ఉన్న చేతి అద్దం తీసి ఆయన ముక్కు దగ్గర పట్టుకుని, భుజం మీదుగా వంగాడు.

అద్దం మసకబారలేదు. తేటగా ఉన్న ఆ గాజులో అక్షరాలు తిన్నగా కనిపిస్తున్నాయి: అప్పు రేపు.